పసుపు పాదాలు, కన్ను దాటిన గీత

రండమ్మా, రండి నాయనా. ఇంకాస్త దగ్గరికి జరగండి. చాప చివర కూర్చుంటే నా గొంతు అందదు. చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి. కునికిపాట్లు పడేవాళ్ళు గోడకి ఆనుకోండి. పొద్దుటి నుంచి నాట్లలో వంగి వంగి మీ నడుములు పడిపోయి ఉంటాయి, నాకు తెలుసు. ఇది కూడా అలసిపోయిన వాళ్ళ కథే. ఇందులో రాకుమారుడు అలసిపోయాడు, రాకుమారి అలసిపోయింది, మాంత్రికుడు వాళ్ళిద్దరికంటే ఎక్కువ అలసిపోయాడు. ఆఖరికి చిలక కూడా అలసిపోయింది. కాళ్ళు చాపుకుని వినండి, దేవుడేమీ అనుకోడు.

అనగనగా ఒక రాజు. ఆయన పేరు రత్నకేతుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కండబలం, నడిపివాడికి మాటబలం. చిన్నవాడు ఇందుశేఖరుడికి ఏ బలమూ ఉన్నట్టు ఎవరికీ కనిపించలేదు. కాకపోతే వాడికి తల్లి నేర్పిన ఒక అలవాటు ఉండేది. ఎంత ఆకలిగా ఉన్నా సరే, విస్తట్లో తొలిముద్ద తీసి నోరులేని జీవాలకి పెట్టేవాడు. "ముందు స్వామి వాళ్ళ రూపంలో తింటాడు, తరవాత మనం" అని ఆ తల్లి చెప్పింది. తల్లి పోయింది, అలవాటు ఉండిపోయింది.

ఒకరోజు రాజుగారి చిన్ననాటి స్నేహితుడు, పొరుగుదేశపు రాజు, తలపాగా కూడా లేకుండా వచ్చాడు.

"రత్నకేతూ, నా కూతురు కువలయని మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల తెల్లదీవిలో ఉంచాడట. నాకు కొడుకుల్లేరు. నీ కొడుకుల్ని పంపించు" అన్నాడు.

పెద్దవాడు మీసం దువ్వుకుంటూ వెళ్ళాడు. తిరిగి రాలేదు. నడిపివాడు నవ్వుకుంటూ వెళ్ళాడు. వాడూ రాలేదు. అప్పుడు ఇందుశేఖరుడు తండ్రి కాళ్ళకి దండం పెట్టాడు.

"నువ్వు కూడానా?" అన్నాడు రాజు. ఆ మాట అనడానికి కూడా ఆయనకి ఓపిక లేదు.

"అన్నయ్యల్ని తీసుకొస్తాను నాన్నగారూ."

"రాకపోతే?"

చిన్నవాడు ఇంకోసారి దండం పెట్టి లేచాడు. పడవ ఎక్కాడు.

మొదటి సముద్రం మీద పాడుకుంటూ తెడ్డు వేశాడు. రెండో సముద్రం మీద కూనిరాగం తీశాడు. మూడో సముద్రం మీద ఊరుకున్నాడు. నాలుగో సముద్రం మీద చేతులు బొబ్బలెక్కాయి. ఐదో సముద్రం మీద బొబ్బలు పగిలాయి. ఆరో సముద్రం మీద తను ఎందుకు బయల్దేరాడో మరిచిపోయాడు. ఏడో సముద్రం మీద దేవుడి పేరు తప్ప ఇంకే మాటా గుర్తులేదు. ఆ పేరే అనుకుంటూ తెడ్డు వేశాడు. అలా వేస్తూ వేస్తూ ఉండగా ఒక పొద్దున్న పడవ దానంతట అదే ఇసకలోకి ఎక్కి ఆగిపోయింది.

కళ్ళెత్తి చూస్తే ఏముందీ? తెలుపు. దీవి నడుమ పెద్ద చిత్తడి మడుగు. మడుగు నిండా కొంగలు. నీళ్ళలో కొంగలు, గట్టు మీద కొంగలు, రెల్లు దుబ్బుల్లో కొంగలు. అన్నీ తెల్లనివే. దాదాపు అన్నిటికీ నల్లముక్కులే. ఒకదాన్ని చూసి పక్కకి తిరిగితే మళ్ళీ దాన్నే చూస్తున్నట్టు ఉంది.

గట్టు మీద ఒక పెద్దమేడ. మేడ వసారాలో బంగారు పంజరం. పంజరంలో చిలక. ఇందుశేఖరుడు దాని దగ్గరికి వెళ్ళేసరికి అది ఒక కన్ను తెరిచింది.

"మాంత్రికుడి ప్రాణం నాలో ఉందని వచ్చావా నాయనా?"

"లేదా?"

"లేదు. నేను మామూలు చిలకని. వచ్చిన ప్రతివాడూ నా మెడ పట్టుకుంటాడు. మీ అన్న అయితే దాదాపు పిసికేశాడు. జామపండు ఉంటే పెట్టు, లేకపోతే పడుకోనీ."

జామపండు లేదు. చిలక పడుకుంది.

లోపలినుంచి ఒక అమ్మాయి మేతగంప నడుం మీద పెట్టుకుని వచ్చింది. చీర కుచ్చెళ్ళు బురదబురదగా ఉన్నాయి. ఆవిడే రాకుమారి కువలయ. మాంత్రికుడు ఆవిడని కొంగలకి మేత వేసే పనిలో పెట్టాడు.

"అదే పోలిక! ఆ ఇంటినుంచి మూడోవారా?" అంది. "మీ అన్నదమ్ములు మొత్తం ఎంతమంది? ముందే చెబితే అందరికీ సరిపడా గొంగళీపురుగులు ఏరి ఉంచుతాను."

"నేనే ఆఖరివాణ్ణి. అన్నయ్యలు ఎక్కడ?"

రాకుమారి గంపతో మడుగువైపు చూపించింది. "అందులో ఉన్నారు. ఎవరు ఎవరో నన్నడగకండి. మేత వేస్తాను కానీ ముఖాలు నాకూ తెలియవు. కొంగని తప్పుగా పట్టుకున్నవాడు తనే కొంగయిపోతాడు. అదీ ఇక్కడి శాపం."

అప్పుడే మాంత్రికుడు బకదంష్ట్రుడు చేతికర్ర ఊతంతో బయటికొచ్చాడు. భయంకరంగా ఉంటాడనుకుంటున్నారు కదూ? లేదు. గెడ్డం మోకాళ్ళ దాకా ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎన్నో వందల ఏళ్ళుగా నిద్రపట్టని మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

"అబ్బాయ్," అన్నాడు ఆవలిస్తూ, "పద్ధతి విను. మూడు సాయంత్రాలు. మొదటి సాయంత్రం మీ పెద్దన్నని పట్టుకోవాలి. రెండో సాయంత్రం నడిపన్నని. మూడో సాయంత్రం నా ప్రాణం దాచిన కొంగని. పొద్దు గుంకేలోపు ఒక్కసారే తాకాలి. మూడూ సరిగ్గా తాకితే అందరూ నీ వెంట వస్తారు. ఒక్కటి తప్పినా నువ్వూ మడుగులోకే."

"సరే తాతా" అన్నాడు ఇందుశేఖరుడు.

మాంత్రికుడు తలెత్తాడు. అతన్ని తాతా అని పిలిచినవాళ్ళు ఎవరూ లేరు.

ఇందుశేఖరుడు మడుగు గట్టుకి వెళ్ళాడు. వాడి అన్నలయితే వచ్చీరాగానే నీళ్ళలోకి దూకి కొంగల వెంట పరిగెత్తారట. వీడికి పరిగెత్తే ఓపిక ఎక్కడిది? కాళ్ళు రెండూ రెండు మొద్దుల్లా ఉన్నాయి. గట్టుమీద చతికిలబడ్డాడు. కువలయ వాడి ముందు పెరుగన్నం ముద్దలున్న ఆకు పెట్టి, "మనిషి తిండి తినడం ఇదే ఆఖరుసారి కావచ్చు, నెమ్మదిగా తినండి" అంది.

వాడు తొలిముద్ద తీసి పక్కన పెట్టాడు. పక్కనే బురదలో పడుకున్న ముసలి గేదె నాలుక చాపి ఆ ముద్ద తినేసింది.

"చాన్నాళ్ళయింది నాయనా, నాకు ఎవరన్నా పెట్టి" అంది గేదె. మాట్లాడే గేదె. దేవుడి దయ ఉంటే మాట్లాడదూ? "ఏం చూస్తున్నావు?"

"కొంగల్ని చూస్తున్నానమ్మా. అన్నీ ఒకటిగానే ఉన్నాయి."

"నీ కళ్ళకి. నా వీపుకి అలా ఉండవు. నా వీపెక్కే కొంగ ఒకటుంది. దానికి నీళ్ళతో పని లేదు. నా గిట్టలు కదిలితే గడ్డిలోంచి లేచే మిడతలతోనే దానికి పని. మెడ పొట్టి. గడ్డం కింద ఉబ్బు, తిండి తిని మూతి తుడుచుకోని పిల్లాడిలా. నడిస్తే ప్రతి అడుగుకీ తల ఊపుతుంది. ఈ దీవిలో అలాంటిది ఇదివరకు లేదు. ఈమధ్యే ఒకటి వచ్చింది."

ఇందుశేఖరుడు పొద్దంతా కదలకుండా కూర్చుని చూశాడు. కన్ను అలసిపోతే మూసి, మళ్ళీ తెరిచి చూశాడు.

సాయంత్రమైంది. మాంత్రికుడు కర్ర ఊపాడు. ఒక మంద గట్టుమీదికొచ్చి నిలబడింది. పొద్దువాలే వేళ కదా, అన్నీ మెడలు ముడుచుకున్నాయి. అన్నీ పొట్టి మెడల్లాగే ఉన్నాయి. అయినా ఇందుశేఖరుడు కూర్చునే చూశాడు. గేదె లేచి, ఒళ్ళు దులుపుకుని, మంద పక్కనుంచి తన దారిన తను నడిచింది. కొంగలు బెదిరి పొడుగు మెడలు చాచి పక్కకి తప్పుకున్నాయి. ఒక్క కొంగ తప్పుకోలేదు. తల ఊపుకుంటూ, గేదె గిట్టల వెనకే నడిచింది. గడ్డం కింద ఉబ్బు.

ఇందుశేఖరుడు వెళ్ళి దాన్ని తాకాడు. కొంగ కాస్తా మనిషయింది. పెద్దన్న. నోట్లోంచి మిడతకాలు తీసి పారేసి, "ఇంత ఆలస్యంగానా రావడం?" అన్నాడు.

"ఏడు సముద్రాలు కదా అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

రెండో రోజు కూడా గట్టుమీదే కూర్చున్నాడు. కువలయ అన్నం తెచ్చింది. "నిన్న ఆఖరి తిండి అన్నాను. నా మాట తప్పించారు మీరు" అంది. ఈసారి ఆవిడ కూడా కాస్త దూరంలో కూర్చుంది. నిలబడి నిలబడి ఆవిడ కాళ్ళూ అలసిపోయాయి.

తొలిముద్ద బురద అంచున పెట్టాడు. బురదలోంచి ఒక పీత వచ్చి, మెతుకు తరవాత మెతుకు తిని, గోళ్ళు నాక్కుని చెప్పింది.

"అయ్యా, మేం బురదలో ఉండేవాళ్ళం. కొంగ ముఖం మాకు తెలియదు, పాదాలే తెలుసు. ఇక్కడున్న కొంగలన్నిటికీ నల్లకాళ్ళు, నల్లపాదాలు. ఒక్కదానికి మాత్రం నల్లకాళ్ళ కింద పసుపు పాదాలు. పెళ్ళికూతురికి పసుపు రాసినట్టే. అది ఊరికే నిలబడదయ్యా. ఒక పాదం బురదలో పెట్టి గడగడా వణికిస్తుంది. మేం ఏమిటో అనుకుని బయటికొస్తాం. అంతే సంగతి. మొన్న మా బావ అలాగే పోయాడు."

"మీ బావని తిన్నది మా అన్నయ్యేనేమో. క్షమించు" అన్నాడు ఇందుశేఖరుడు.

"వాడు అప్పులవాడు లెండి" అంది పీత. "అయినా బావ బావే."

ఆ సాయంత్రం మాంత్రికుడు కర్ర ఊపితే మరో మంద వచ్చి మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. నీళ్ళ పైన అన్నీ ఒకటే తెలుపు. పాదాలు కనిపించే దారి లేదు. పెద్దన్న పక్కన నిలబడి, "నీళ్ళలోకి దిగి కాళ్ళు పట్టి చూడరా" అన్నాడు.

"తాకేది ఒక్కసారే అన్నయ్యా."

"అయితే రాయి వెయ్యి, ఎగురుతాయి."

"ఎగిరితే చీకటి పడేదాకా వాలవు."

కూర్చున్నాడు. కొంగల్ని చూడ్డం మానేసి నీళ్ళని చూశాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆకాశం అందులో ఎర్రగా కనిపిస్తోంది. అలా చూస్తూ ఉండగా ఒకచోట నీళ్ళు మసకబారాయి. అడుగు నుంచి బురద పొగలా లేచింది. దాని మీద నిలబడ్డ కొంగ ఒళ్ళంతా కదలకుండానే ఉంది, ఒక కాలు మాత్రం సన్నగా వణుకుతోంది.

తాకాడు. నడిపన్న నీళ్ళలోంచి లేచి నిలబడ్డాడు. ఎడమకాలు ఇంకా వణుకుతూనే ఉంది.

"ఎవరైనా దీన్ని పట్టుకోండి. నా మాట వినదు" అన్నాడు. అప్పుడు కువలయ నవ్వింది. ఆ దీవిలోకి వచ్చాక అదే ఆవిడ మొదటిసారి నవ్వడం.

ఇక మూడోరోజు. అమ్మా, మీరూ అలసిపోయారు, వాడూ అలసిపోయాడు. ఇంకొక్క సాయంత్రమే. కాస్త మంచినీళ్ళు తాగి వినండి.

ఆరోజు పొద్దున్నే మాంత్రికుడు తనంతట తనే గట్టుకి వచ్చి ఇందుశేఖరుడి పక్కన కూర్చున్నాడు.

"అబ్బాయ్, అబద్ధం చెప్పే ఓపిక కూడా నాకు లేదు. నా ప్రాణం ముత్యంగా చేసి ఒక కొంగ గొంతులో దాచాను. అది పెద్దజాతి కొంగ. మడుగులో అలాంటిది ఒక్కటే, దానికి చావు లేదు. మిగిలినవన్నీ మధ్యరకంవి. ఆరోజు దాని ముక్కు పసుపుపచ్చగా ఉంది. నా కళ్ళతో నేను చూశాను. దేవుడి మీద ఒట్టు" అన్నాడు. చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తొలిముద్ద తీసి పెడితే ఒక కప్ప వచ్చి కూర్చుంది. అన్నం ముట్టుకోలేదు.

"తినవేం?"

"అన్నం నాకు సయించదు. దాని మీద వాలే ఈగల కోసం కూర్చున్నాను. ముద్ద నువ్వు పెట్టావు కాబట్టి ఈగలూ నువ్వు పెట్టినట్టే" అంది కప్ప. నాలుగు ఈగలు మింగి, గొంతు సవరించుకుంది. "ముక్కు రంగు నమ్మకు. వానలు పడితే ఈ కొంగలు పెళ్ళిళ్ళకి ముస్తాబవుతాయి. పసుపుముక్కు నల్లబడుతుంది. వానలు వెనకపట్టాక మళ్ళీ పచ్చబడుతుంది. మనుషులు చీర మార్చినట్టే. చీరని బట్టి మనిషిని గుర్తుపడతావా?"

"మరి దేన్ని బట్టి?"

"మూతిగీతని బట్టి. ముక్కు మొదలైన చోటినుంచి చెంపమీదికి ఒక గీత పోతుంది చూడు, నోరు తెరుచుకునే గీత. మధ్యరకం కొంగకి అది కన్ను కిందికి వచ్చి ఆగిపోతుంది. పెద్దకొంగకి కన్ను దాటి వెనక్కి పోతుంది. అంత పెద్ద నోరు. నాకెలా తెలుసంటావా? దాని నోట్లో సగం దాకా వెళ్ళి వచ్చాను నేను. లోపల ఉండగా వెనక్కి తిరిగి చూస్తే, వెలుతురు కన్ను వెనకనుంచి కూడా వచ్చింది." కప్ప ఇంకో ఈగని మింగింది. "ఆ వెలుతురు నాకు కల్లోకి వస్తుంది."

సాయంత్రమైంది. మబ్బు పట్టింది. మాంత్రికుడు కర్ర ఊపాడు. మడుగులో ఉన్న కొంగలన్నీ వచ్చి నిలబడ్డాయి. కొన్ని లోతులో, కొన్ని మెరకలో. దాంతో ఏది పొడుగో ఏది పొట్టో తెలియకుండా పోయింది. అన్నీ నల్లముక్కులే. కానీ ఒక్కటి, చేతికందే దూరంలో, పసుపుముక్కుతో నిలబడి ఉంది.

"అదిగో" అన్నాడు పెద్దన్న.

"ముసలాయన ఒట్టేసి చెప్పాడు కదరా. పట్టుకో. ఇంటికి పోదాం" అన్నాడు నడిపన్న.

ఇంటికి పోదాం. ఆ మాట వినేసరికి ఇందుశేఖరుడికి ఏడు సముద్రాల అలసట ఒక్కసారిగా ముంచుకొచ్చింది. ఇదే అయివుంటుందనుకున్నాడు. ఇదే కావాలని కోరుకున్నాడు. లేచాడు. నాలుగడుగులు వేశాడు. చెయ్యి చాపాడు. కొంగ ఈకల వెచ్చదనం వేళ్ళకి తగిలేంత దగ్గరికి వెళ్ళింది చెయ్యి.

అక్కడ ఆగాడు.

గీత చూశాడు. పసుపుముక్కు మొదలు నుంచి బయల్దేరిన గీత కన్ను కిందికి వచ్చి ఆగిపోయింది.

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బురదలోనే కూర్చున్నాడు.

"పొద్దుపోతోందిరా" అన్నాడు పెద్దన్న.

"కూర్చోనివ్వండి" అంది కువలయ. తనూ వచ్చి వాడి పక్కన బురదలో కూర్చుంది. "మీరు ఎడమవైపు చూడండి. నేను కుడివైపు చూస్తాను. ఏం చూడాలో చెప్పండి."

చెప్పాడు. ఇద్దరూ ఒక్కొక్క ముఖం చూసుకుంటూ వచ్చారు. ఆగింది, ఆగింది, ఇదీ ఆగింది. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. సూర్యుడు మబ్బుకీ నీళ్ళకీ మధ్య సన్నని చీలికలో మిగిలాడు. అప్పుడు కువలయ వాడి మోచెయ్యి తాకింది.

లోతునీళ్ళలో, రెల్లు నీడలో, ఒక కొంగ. మెడ మధ్యలో విరిచి కట్టినట్టు ఒక వంపు. నల్లముక్కు. ఆ మూతిగీత కన్ను కిందికి వచ్చింది, కన్ను దాటింది, వెనక్కి పోయింది.

ఇందుశేఖరుడు దేవుణ్ణి తలుచుకుని నడుములోతు నీళ్ళలోకి దిగి, దాని వీపు మీద మెల్లగా చెయ్యి వేశాడు. కొంగ వాడివైపు చూసి, అంత పెద్ద నోరూ తెరిచింది. నాలుక మీద ముత్యం ఉంది. వాడు చెయ్యి పట్టాడు. ముత్యం చేతిలో పడింది. కొంగ రెక్కలు విదిలించి ఎగిరిపోయింది. దాని మెడ పిసకాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మాంత్రికుడు గట్టుమీద కూలబడ్డాడు.

"నల్లముక్కా?" అన్నాడు. "నల్లముక్కా దానిది?"

"వానాకాలం కదా తాతా."

"ఎన్నో వందల ఏళ్ళుగా పసుపుముక్కు కోసమే వెతుకుతున్నాను. పసుపుముక్కు కనబడితే చాలు, నోరు తెరిచి చూశాను, చూసినదాన్నే మళ్ళీ మళ్ళీ చూశానేమో. ఖాళీ. నా ప్రాణం ఎక్కడ దాచానో నాకే తెలియలేదు. అది దొరికితే కానీ నాకు నిద్ర లేదు, చావు లేదు. కళ్ళున్నవాడెవడైనా వచ్చి వెతికిపెడతాడని ఈ పిల్లని ఎత్తుకొచ్చాను. ఆవిడ కోసం వస్తారని. వచ్చినవాళ్ళంతా నాలాంటివాళ్ళే."

ఇందుశేఖరుడు ముత్యాన్ని పైపంచెతో తుడిచి ముసలాయన అరచేతిలో పెట్టాడు. ఒక పరాయివాడి ప్రాణం అది. దాన్ని నేలకేసి కొట్టాలని వాడికి తోచలేదు.

మాంత్రికుడు దాన్ని నోట్లో వేసుకుని మింగాడు. చేతికర్ర పక్కన పెట్టాడు. "తల్లీ, నీచేత చాకిరీ చేయించాను, మనసులో పెట్టుకోకు" అని కువలయతో అన్నాడు. గడ్డిలో పక్కకి ఒత్తిగిలి పడుకుని, చెయ్యి తలకింద పెట్టుకున్నాడు. "అమ్మయ్య" అన్నాడు. అంతే. ఆయన పడుకున్న చోట తెల్లటి ఈకలు కాసిని మిగిలాయి.

మడుగు నిండా మనుషులు లేచారు. ఎందరెందరో రాకుమారులు, బురద కాళ్ళతో, ఒకరినొకరు చూసుకుంటూ. అసలైన కొంగలు మాత్రం వాళ్ళ మధ్యనుంచి చేపలు పట్టుకుంటూనే ఉన్నాయి. ఇందుశేఖరుడు ముందుగా పంజరం తలుపు తీశాడు. చిలక బయటికి రాకుండానే, "జామపండు సంగతి?" అని అడిగింది.

అందరూ పడవలు కట్టుకుని ఏడు సముద్రాలూ దాటారు. తిరుగుదారిలో తెడ్లు వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇందుశేఖరుడు మొదటి సముద్రం నుంచి ఏడో సముద్రం దాకా నిద్రపోయాడు. కువలయ ఎవర్నీ లేపనివ్వలేదు.

రత్నకేతుడు ముగ్గురు కొడుకుల్నీ ఒక్కసారే చూసి, ముగ్గురి తలలూ నిమిరి, కిరీటం తీసి చిన్నవాడి ఒళ్ళో పెట్టాడు. అన్నలు కాదనలేదు. పెద్దవాడు ఒప్పుకుంటున్నట్టు తల ఊపాడు. అది ఒప్పుకోవడమో పాత అలవాటో ఎవరూ అడగలేదు. ఇందుశేఖరుడితో పెళ్ళినాడు కువలయ పాదాలకి పసుపు రాస్తుంటే నడిపన్న ముఖం పక్కకి తిప్పుకున్నాడు. పెళ్ళి భోజనంలో తొలివిస్తరి మడుగు గేదెకి, దాని పక్కన పీతకి, వాటి మీద వాలిన ఈగలు కప్పకి. వాటినీ పడవలోనే తెచ్చారు మరి. ఇందుశేఖరుడు చాలాకాలం రాజ్యం చేశాడు. తన ముందుకు ఎవరి తగువు వచ్చినా చెయ్యి ఎత్తేముందు కాసేపు ఊరికే కూర్చుని ఇద్దరి ముఖాలూ చూసేవాడు. ఆ రాజ్యంలో వేళకి వానలు పడ్డాయి, కొంగల ముక్కులు వేళకి నల్లబడ్డాయి.

ఇక లేవండి నాయనా, నడుం వాల్చండి. కథలో అంతా గుర్తుండక్కర్లేదు. రాకుమారి పేరు మరిచిపోయినా ఫర్వాలేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇంటికి పోదాం అని అందరూ అంటున్నప్పుడు, ఒళ్ళు అలసిపోయి ఉన్నప్పుడు, వాడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ కూర్చుని చూశాడు. రేపు పొలానికి వెళ్తే గట్టుమీద తెల్లకొంగ నిలబడి ఉంటుంది. ఊరికే కొంగ అనేసి దాటిపోకండి. కాసేపు కూర్చోండి. పాదాలు చూడండి. మెడ చూడండి. మూతిగీత ఎక్కడిదాకా పోయిందో చూడండి. ఏ కొంగో అప్పుడు చెప్పండి. ఇంటికొచ్చి మీ పిల్లలకీ చూపించండి. స్వామి చల్లగా చూస్తాడు.